క్రిప్టోను రూపాయల్లోకి మార్చుకోవడం: విశాఖ వ్యాపార సంస్థలకు సమగ్ర మార్గదర్శి

10,000 యూఎస్‌డీటీని (డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో కాయిన్) క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో అమ్మి రూపాయలు చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ రూపాయలు ఏ పనికి, ఎవరి దగ్గర్నుంచి, ఏ తేదీన, ఏ రేటుకు వచ్చాయో బ్యాంకు అడిగినా, ఆదాయపు పన్ను శాఖ అడిగినా కాగితం తీసి చూపించాలంటే మాత్రం రెండు మూడు వారాల ముందు నుంచే పని మొదలుపెట్టాలి. మధురవాడ ఐటీ కంపెనీ అయినా, ద్వారకానగర్‌లో డిజైన్ స్టూడియో అయినా, గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారమైనా ఇరుక్కునేది ఈ రెండో భాగంలోనే. అందుకే ఇక్కడ అమ్మకం గురించి కొంచెమే చెప్పి, దానికి ముందూ వెనకా చేయాల్సిన పనికే ఎక్కువ చోటిచ్చాం.

ముందుగా చట్టం ఎక్కడుందో

మన దేశంలో క్రిప్టో నిషేధం కాదు, చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించకూడదంటూ 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. ఆ పాత సర్క్యులర్‌ను చూపించి ఖాతాదారులను హెచ్చరించవద్దని 2021 మే 31న రిజర్వు బ్యాంకే బ్యాంకులకు రాసింది. బ్యాంకు మేనేజర్ ఎవరైనా ఇప్పటికీ 2018 నాటి మాటే చెబితే ఈ రెండు తేదీలూ గుర్తు చేయండి. అయితే సొంత రిస్క్ విధానం ప్రకారం ప్రశ్నలు వేసే హక్కు బ్యాంకుకు ఎప్పుడూ ఉంటుంది. వాటికి జవాబు దగ్గర పెట్టుకోవడమే మన పని.

2023 మార్చి 7 నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. అవి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి, ఖాతాదారుల వివరాలు సేకరించాలి, అనుమానాస్పద లావాదేవీలను నివేదించాలి.

పన్ను రెండు రకాలు. అమ్మకంలో వచ్చిన లాభంపై 30 శాతం, దానిపై సెస్సు, వర్తిస్తే సర్‌చార్జి. ఇది సెక్షన్ 115బీబీహెచ్. అమ్మకం మొత్తంపై 1 శాతం టీడీఎస్, ఇది సెక్షన్ 194ఎస్, 2022 జులై 1 నుంచి ఉంది. ఈ నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి, రేట్లు మాత్రం అవే. ఆడిటర్లు ఇంకా పాత నంబర్లతోనే మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఇక్కడా వాటినే వాడాం.

మొదటి మెట్టు: కాయిన్ ఎలా వచ్చిందో తేల్చుకోండి

ఎలా అమ్మాలన్నది తర్వాతి సంగతి. ఎలా వచ్చిందన్నదాన్ని బట్టే పన్నూ మారుతుంది, దారీ మారుతుంది.

కంపెనీ సొంత డబ్బుతో కొన్న కాయిన్ అయితే లెక్క తేలిక. కొన్న ధర, అమ్మిన ధర, మధ్యలో తేడా, అంతే. మైనింగ్‌లో, అంటే కంప్యూటర్లు నడిపి సంపాదించినదైతే, కరెంటు బిల్లు, యంత్రాల ఖర్చు సేకరణ ఖర్చు కిందికి రావు. ఈ సంగతి ప్రభుత్వం 2022లోనే పార్లమెంటులో స్పష్టం చేసింది.

దేశంలోని క్లయింట్ మీ సేవకు కాయిన్లలో చెల్లిస్తే రెండు విషయాలు చూసుకోవాలి. జీఎస్టీ ఇన్‌వాయిస్ రూపాయల్లోనే రాయాలి, పన్నూ రూపాయల్లోనే కట్టాలి. కాయిన్ ఇంకా అమ్మలేదు కదా అని జీఎస్టీ ఆగదు. నెలవారీ రిటర్ను వేసేవారైతే 20వ తేదీకల్లా చేతిలో నగదు ఉండాలి. రెండోది చాలామందికి తట్టదు. ఈ లావాదేవీలో చట్టం దృష్టిలో కాయిన్ 'అమ్మింది' మీ క్లయింట్, దానికి ప్రతిఫలంగా సేవ ఇచ్చింది మీరు. కాబట్టి ఆ 1 శాతం పన్ను జమ అయిందని చూసుకునే బాధ్యత మీది. ప్రతిఫలం డబ్బు రూపంలో లేనప్పుడు, పన్ను కట్టారని రూఢి చేసుకున్నాకే దాన్ని విడుదల చేయాలని చట్టం చెబుతోంది. క్లయింట్ దగ్గర్నుంచి చలానా కాపీ తీసుకుని ఫైల్లో పెట్టండి. ఏడాదికి 10,000 రూపాయలు దాటితేనే ఇది వర్తిస్తుంది. టర్నోవర్ కోటి రూపాయలు మించని వ్యక్తిగత వ్యాపారులకు ఈ పరిమితి 50,000.

ఇక నాలుగోది విదేశీ క్లయింట్. విశాఖలో ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేదీ, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే.

సాఫ్ట్‌వేర్ కావచ్చు, రొయ్యలు కావచ్చు, ఎగుమతి చేసినదానికి డబ్బు విదేశీ మారక ద్రవ్యంగా, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన పద్ధతిలో రూపాయలుగా బ్యాంకు ద్వారా రావాలి. యూఎస్‌డీటీ పేరులో డాలర్ ఉన్నంత మాత్రాన అది విదేశీ మారక ద్రవ్యం కాదు. కాయిన్లలో చెల్లింపు తీసుకుంటే జరిగేది ఇది. విదేశీ సొమ్ము వచ్చినట్టు బ్యాంకు ధ్రువపత్రం ఇవ్వదు. ఆ పత్రం లేకపోతే మీ సేవ జీఎస్టీ చట్టం ప్రకారం 'సేవల ఎగుమతి' నిర్వచనంలో నిలవదు. నిలవకపోతే సున్నా పన్నుతో వేసిన ఇన్‌వాయిస్‌పై సాధారణంగా 18 శాతం పన్ను, దానిపై వడ్డీ మీ మెడకు చుట్టుకుంటాయి. సరుకు ఎగుమతిలో అయితే షిప్పింగ్ బిల్లు బ్యాంకు రికార్డులో సొమ్ము రానట్టుగా తెరిచే ఉండిపోతుంది. తీసుకున్న జీఎస్టీ రీఫండ్‌ను వెనక్కి కట్టమంటారు. దువ్వాడలోని విశాఖ ఎస్‌ఈజెడ్‌లోనో, మధురవాడ ఐటీ సెజ్‌లోనో యూనిట్ ఉన్నవారికి మరింత ఇబ్బంది. ఐదేళ్లలో నికర విదేశీ మారక ద్రవ్య ఆర్జన చూపించాల్సిన బాధ్యత వారిది, అందులో కాయిన్లు లెక్కలోకి రావు.

కాబట్టి మా సలహా సూటిగా చెబుతాం. ఎగుమతి బిల్లుకు కాయిన్లు తీసుకోకండి. క్లయింట్ దగ్గర కాయిన్లే ఉంటే వాటిని ఆయన దేశంలోనే, లైసెన్సున్న ఎక్స్ఛేంజ్‌లో ఆయన పేరిటే డాలర్లు చేసుకుని స్విఫ్ట్ ద్వారా మీ కరెంట్ అకౌంట్‌కు పంపమనండి. డబ్బు ఏ పనికి వచ్చిందో బ్యాంకుకు చెప్పే సరైన పర్పస్ కోడ్ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. అప్పుడు మీ పుస్తకాల్లో క్రిప్టో అన్న మాటే ఉండదు, 30 శాతం గొడవా ఉండదు. ఒప్పందంలోనే 'చెల్లింపు అమెరికన్ డాలర్లలో, బ్యాంకు ద్వారా' అని ఒక వాక్యం పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. కాయిన్లు ఇప్పటికే వచ్చేసి ఉంటే అమ్మకముందే ఆడిటర్‌ను కలవండి. క్లయింట్‌కు తిప్పి పంపి బ్యాంకు దారిలో తెప్పించుకోవాలా, ఎగుమతి కాదని ఒప్పుకుని జీఎస్టీ కట్టేయాలా అన్నది ఇన్‌వాయిస్ చూసి తేల్చాల్సిన విషయం.

రెండో మెట్టు: కంపెనీ పేరిటే ఖాతా

డైరెక్టర్ సొంత పాన్ మీద ఉన్న ఎక్స్ఛేంజ్ ఖాతాలో కంపెనీ కాయిన్లు అమ్మడం బాగా అలవాటైపోయిన తప్పు. అలా చేస్తే టీడీఎస్ ఆయన పాన్‌లో పడుతుంది, లాభం ఆయనదిగా కనిపిస్తుంది, ఆయన ఖాతా నుంచి కంపెనీకి వచ్చిన డబ్బు అప్పులా కనిపిస్తుంది. మూడూ విడివిడిగా సర్దాల్సిన చిక్కులే. సంస్థ ఖాతా తెరవడానికి వారం నుంచి మూడు వారాలు పడితే పట్టనివ్వండి.

సంస్థ ఖాతాకు సాధారణంగా అడిగేవి: ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, మెమొరాండం, ఆర్టికల్స్, కంపెనీ పాన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, చిరునామా రుజువు, ఇటీవలి ఆర్థిక నివేదికలు, డైరెక్టర్ల ఆధార్, పాన్. భాగస్వామ్య సంస్థ అయితే పార్ట్‌నర్‌షిప్ డీడ్, ఎల్‌ఎల్‌పీ అయితే ఎల్‌ఎల్‌పీ ఒప్పందం. కంపెనీలో 10 శాతానికి మించి వాటా ఉన్న ప్రతి వ్యక్తి వివరాలూ ఇవ్వాలి. 2023 మార్చికి ముందు ఈ గీత 25 శాతం దగ్గర ఉండేది. అప్పట్లో ఇచ్చిన జాబితా మళ్లీ ఇస్తే ఫైలు తిరిగొస్తుంది.

బోర్డు తీర్మానంలో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి. ఏ ఎక్స్ఛేంజ్‌లో ఖాతా తెరుస్తున్నారు, లావాదేవీ ఎవరు పెడతారు, ఎవరు ఆమోదిస్తారు, ఏ బ్యాంకు ఖాతాకు మాత్రమే రూపాయలు రావాలి. పెట్టేవారూ ఆమోదించేవారూ ఒకరే కాకూడదు. ఇద్దరే ఉన్న చిన్న ఆఫీసులోనూ ఇది సాధ్యమే. అకౌంటెంట్ ఆర్డర్ పెడతారు, యజమాని తన ఫోన్‌లోని ఆథెంటికేటర్ కోడ్‌తో ఆమోదిస్తారు. ఎస్‌ఎంఎస్ ఓటీపీ మీద ఆధారపడకండి, సిమ్ మార్పిడి మోసంలో ముందు పోయేది అదే.

బ్యాంకు వైపు ఒక పని చేయండి. క్రిప్టో అమ్మకం సొమ్ము కోసమే విడిగా ఒక కరెంట్ అకౌంట్ తెరవండి. జీతాలు, జీఎస్టీ, ఈపీఎఫ్ చెల్లించే ఖాతాతో దాన్ని కలపకండి. ఎందుకో ఐదో మెట్టులో అర్థమవుతుంది. తెరిచేటప్పుడే బ్రాంచికి ఒక పేజీ లేఖ ఇచ్చి, ఎక్స్ఛేంజ్ పేరు, నెలకు రాబోయే సుమారు మొత్తం, ఆదాయ మూలం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మూడో మెట్టు: ఎక్స్ఛేంజ్ ఎంపిక

ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు ఉందో లేదో మొదట చూడండి. 2023 డిసెంబరులో నమోదు లేని తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు నోటీసులు వెళ్లాయి, 2024 జనవరిలో వాటి సైట్లు, యాప్‌లు ఇక్కడ ఆగిపోయాయి. వాటిలో కొన్ని తర్వాత జరిమానా కట్టి నమోదయ్యాయి. బైనాన్స్‌పై 2024 జూన్‌లో పడిన జరిమానా 18.82 కోట్ల రూపాయలు. సైట్ ఆగిపోయిన రోజున అందులో మీ కంపెనీ కాయిన్లు ఉంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

నమోదు ఉందంటే మీ సొమ్ముకు హామీ ఉన్నట్టు కాదు, లావాదేవీలను నివేదించే బాధ్యత దానికి ఉందని మాత్రమే అర్థం. 2024 జులైలో వజీర్ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగతనానికి గురై, ఖాతాదారుల విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. అందుకే ఎక్స్ఛేంజ్ ఖాతాను గోదాములా వాడకండి. అమ్మే రోజు పంపండి, అమ్మండి, రూపాయలు అదే రోజు బ్యాంకుకు తెచ్చుకోండి. మిగిలిన కాయిన్లు హార్డ్‌వేర్ వాలెట్‌లో, అంటే కాయిన్ల తాళాలను ఆన్‌లైన్‌కు దూరంగా దాచే చిన్న పరికరంలో ఉండాలి. మొత్తం పెద్దదైతే ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే కదిలే మల్టీసిగ్ వాలెట్ మేలు. వాలెట్ పోయినా కాయిన్లను తిరిగి తెచ్చే రికవరీ పదాలను కాగితం మీద రాసి బ్యాంకు లాకర్‌లో పెట్టండి, వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ వద్దు.

ఖాతా తెరవకముందే ఎక్స్ఛేంజ్‌ను అడగాల్సినవి: సంస్థ ఖాతాకు రోజువారీ విత్‌డ్రా పరిమితి ఎంత, టీడీఎస్ వివరాలు ప్రతి లావాదేవీకీ విడిగా డౌన్‌లోడ్ అవుతాయా, ఫీజుపై జీఎస్టీ ఇన్‌వాయిస్ మీ జీఎస్టీ నంబరుతో ఇస్తారా. మూడోదానికి సరైన జవాబు రాకపోతే వేరేది చూసుకోవడం మంచిది.

నాలుగో మెట్టు: కాయిన్ పంపడం

ఒకే యూఎస్‌డీటీ ట్రాన్ మీద, ఇథీరియం మీద, బీఎన్‌బీ చెయిన్ మీద, సొలానా మీద, ఇలా వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద తిరుగుతుంది. పంపేవారూ తీసుకునేవారూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ట్రాన్ చిరునామా ఇంగ్లిష్ 'టీ' అక్షరంతో మొదలై 34 అక్షరాలు ఉంటుంది. ఇథీరియంది సున్నా, ఎక్స్‌లతో మొదలై 42 అక్షరాలు. ఇవి చూడగానే తేడా తెలుస్తుంది. చిక్కంతా ఇథీరియం, బీఎన్‌బీ చెయిన్ దగ్గరే. రెండింటి చిరునామాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పు నెట్‌వర్క్ ఎంచుకున్నా వాలెట్ అడ్డు చెప్పదు. కాయిన్లు వెళ్లిపోతాయి, ఎక్స్ఛేంజ్‌లో మాత్రం కనిపించవు. ఆ నెట్‌వర్క్‌ను ఎక్స్ఛేంజ్ నిర్వహిస్తూ ఉంటే అడిగి, ఫీజు కట్టి, వారాల తర్వాత వెనక్కి రాబట్టవచ్చు. లేకపోతే రావు.

వాలెట్‌లో 10,000 యూఎస్‌డీటీ ఉన్నా ఒక్కటి కూడా కదలకపోవడం మొదటిసారి చేసేవారికి ఎదురయ్యే అనుభవం. నెట్‌వర్క్ రుసుము యూఎస్‌డీటీలో కాకుండా ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్‌లో కట్టాలి. ట్రాన్ అయితే కొంత టీఆర్‌ఎక్స్, ఇథీరియం అయితే కొంత ఈథర్ ఆ వాలెట్‌లోనే ముందుగా ఉంచాలి.

చిరునామా సరిచూసుకునే పద్ధతి దగ్గరగా చూద్దాం. చాలామంది మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరే అనుకుంటారు. మోసగాళ్లు సరిగ్గా ఆ ఎనిమిది అక్షరాలూ కలిసేలా వేరే చిరునామా తయారు చేసి, అక్కడి నుంచి మీ వాలెట్‌కు సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపుతారు. అది మీ హిస్టరీలో మీరు నిన్న పంపిన చిరునామాలాగే కనిపిస్తుంది. రేపు తొందరలో హిస్టరీ నుంచి కాపీ చేశారంటే సొమ్ము వాడికే పోతుంది. కాబట్టి చిరునామాను ఎప్పుడూ ఎక్స్ఛేంజ్ డిపాజిట్ పేజీ నుంచే కాపీ చేయండి. ఒకరు తెరమీద చూస్తూ మధ్యలోని ఆరు అక్షరాలు పైకి చదవాలి, రెండోవారు వాలెట్‌లో చూసి సరిపోల్చాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా సహా. ఇరవై సెకన్ల పని.

ఆ తర్వాత పరీక్షగా చిన్న మొత్తం పంపండి. అది ఎక్స్ఛేంజ్ కనీస డిపాజిట్ కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే జమ కాదు, మీరు ఖంగారు పడతారు. జమ అయ్యాక మిగతాది పంపండి. బిట్‌కాయిన్ అయితే సగటున పది నిమిషాలకో బ్లాకు, ఎక్స్ఛేంజ్ అడిగే కన్ఫర్మేషన్లు (మీ లావాదేవీ మీద చేరే బ్లాకులు) పూర్తయ్యేదాకా ఆగాలి. ఎక్స్‌ఆర్‌పీ లాంటివైతే చిరునామాతో పాటు ట్యాగ్ నంబరు కూడా తప్పనిసరి.

ఎవరి దగ్గర్నుంచైనా కాయిన్లు తీసుకునే ముందు వారి వాలెట్ చిరునామా అడిగి, బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్‌లో (ఆ నెట్‌వర్క్ లావాదేవీలన్నీ చూపే వెబ్‌సైట్) వెతకండి. దొంగసొమ్ముతోనో, కాయిన్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా కలిపేసే మిక్సర్లతోనో సంబంధం ఉన్నట్టు ముద్ర కనిపిస్తే తీసుకోకండి. అలాంటివి జమ కాగానే ఎక్స్ఛేంజ్ మీ ఖాతాను ఆపి వివరణ అడుగుతుంది. యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్ సంస్థకు ఏ చిరునామాలోని కాయిన్లనైనా కదలకుండా ఆపే వీలుంది, అలా ఆపిన సందర్భాలూ చాలా ఉన్నాయి.

అమ్మకం, ఆ వెంటనే లెక్క

బిట్‌కాయిన్ ఉంటే దాన్ని నేరుగా రూపాయలకే అమ్మండి. ముందు యూఎస్‌డీటీగా మార్చి తర్వాత రూపాయలు చేసుకుంటే చట్టం దృష్టిలో అవి రెండు అమ్మకాలు. రెండుసార్లు 1 శాతం టీడీఎస్ కడతారు, రెండు లాభనష్టాల లెక్కలు రాయాలి. పైగా ఒకదానిలో నష్టం వస్తే రెండోదానిలో లాభంతో సర్దుకోలేరు.

మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకు వెంటనే అమ్మేసేది) జోలికి పోకండి. ఆర్డర్ బుక్‌లో పైన కనిపించే ధర దగ్గర కొనేవారు కొద్దిమందే ఉంటారు. మీ పెద్ద ఆర్డర్ వారిని దాటి కిందికి జారుతూ తక్కువ ధరకు అమ్ముడుపోతుంది. కనీస ధర మీరే చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టి, నాలుగైదు ముక్కలుగా అమ్మండి. మొత్తం మరీ పెద్దదైతే ఎక్స్ఛేంజ్ ఓటీసీ డెస్క్‌ను (పెద్ద మొత్తాలను ఆర్డర్ బుక్ బయట చూసే విభాగం) అడిగితే మొత్తానికి ఒకే ధర చెబుతారు. ఆ ధర ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి, ఫీజూ టీడీఎస్ అందులోనే ఉన్నాయా బయటా అన్నది తేలాలి.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. దేశంలోని క్లయింట్ నుంచి సేవకు ప్రతిఫలంగా 10,000 యూఎస్‌డీటీ వచ్చింది. వచ్చిన రోజు ఎక్స్ఛేంజ్‌లో రేటు 88 రూపాయలు. జీఎస్టీని పక్కన పెడితే 8,80,000 రూపాయలు మీ వ్యాపార ఆదాయం, మామూలు రేటు ప్రకారం పన్ను. పది రోజుల తర్వాత 89.50 చొప్పున అమ్మారు, 8,95,000 రూపాయలు. ఎక్స్ఛేంజ్ ఫీజు 0.2 శాతం అనుకుంటే 1,790 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 322.20. ఇవి తీసేశాక మిగిలిన 8,92,887.80పై 1 శాతం టీడీఎస్ 8,928.88. మీ బ్యాంకుకు వచ్చేది 8,83,958.92.

లాభం 15,000. దానిపై 30 శాతం 4,500, 4 శాతం సెస్సు 180, మొత్తం 4,680. ఎక్స్ఛేంజ్ ఫీజును ఈ లాభంలోంచి తీసేయనివ్వరు, సేకరణ ఖర్చు ఒక్కటే తీసేయాలి. కోసిన టీడీఎస్ పోయినట్టు కాదు, ఏడాది చివర మొత్తం పన్నులో సర్దుబాటవుతుంది.

ట్యాలీలో ఇలా రాయవచ్చు. డెబిట్ వైపు బ్యాంకు 8,83,958.92, టీడీఎస్ రావాల్సింది 8,928.88, ఎక్స్ఛేంజ్ ఫీజు 1,790, ఇన్‌పుట్ జీఎస్టీ 322.20. క్రెడిట్ వైపు యూఎస్‌డీటీ నిల్వ 8,80,000, అమ్మకం లాభం 15,000. రెండు వైపులా 8,95,000. ఇన్‌పుట్ క్రెడిట్ మీకు దక్కుతుందో లేదో ఆడిటర్‌తో తేల్చుకున్నాకే ఆ 322.20ను అక్కడ ఉంచండి.

ఇప్పుడు ఇదే లెక్క తిరగేసి చూడండి. అమ్మే రోజుకు రేటు 86కు పడిందనుకుందాం. 20,000 నష్టం. ఆ నష్టం ఏ ఆదాయంలోనూ సర్దుబాటు కాదు, వచ్చే ఏడాదికీ వెళ్లదు. 8,80,000 ఆదాయం మీద పన్ను మాత్రం తప్పదు. కాయిన్లలో చెల్లింపు తీసుకునే వ్యాపారి రేటు పెరుగుతుందని దాచుకోవడం ఎందుకు మంచిది కాదో ఇక్కడ తెలుస్తుంది. లాభంలో దాదాపు మూడో వంతు ప్రభుత్వానిది, నష్టం అంతా మీదే. వచ్చిన రోజే అమ్మేయండి. డాలర్‌కు ముడిపెట్టిన స్టేబుల్‌కాయిన్ కదా, ఏమీ కాదులే అనుకోవడానికీ లేదు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు కుప్పకూలినప్పుడు, 2023 మార్చిలో, యూఎస్‌డీసీ అనే మరో స్టేబుల్‌కాయిన్ విలువ కొన్ని గంటలపాటు డాలర్‌లో 90 సెంట్ల కిందికి పడింది.

వచ్చిన రోజు విలువనే సేకరణ ఖర్చుగా చూపాలంటే ఆ విలువకు రుజువు కావాలి. కాయిన్ జమ అయిన నిమిషంలోనే, ఎప్పుడూ ఒకే ఎక్స్ఛేంజ్ ధర తెర ఫొటో, తేదీ సమయం కనిపించేలా తీసుకోండి. బ్యాంకు డాలర్ రేటు వేయకండి. మన ఎక్స్ఛేంజ్‌లలో యూఎస్‌డీటీ రేటు దానికి వేరుగా ఉంటుంది.

ఐదో మెట్టు: బ్యాంకుకు, అక్కడ వచ్చే చిక్కులు

విత్‌డ్రా ఐఎంపీఎస్‌లో అయితే ఒక్కో లావాదేవీకి 5 లక్షల వరకు. ఆర్‌టీజీఎస్‌లో కనీసం 2 లక్షలు. నెఫ్ట్ అరగంటకోసారి కదులుతుంది. ఈ మూడూ ఆదివారం కూడా పనిచేస్తాయి, ఎక్స్ఛేంజ్ సిబ్బంది ఆమోదం మాత్రం సోమవారానికి జరగవచ్చు. జీతాల రోజు ముందు రాత్రి అమ్మకం పెట్టుకోకండి.

ఇక పీ2పీ. ఎక్స్ఛేంజ్ మధ్యవర్తిగా ఉండి, ఎవరో తెలియని కొనుగోలుదారు నేరుగా మీ బ్యాంకు ఖాతాకు రూపాయలు పంపే పద్ధతి ఇది. రేటు కొంచెం ఎక్కువ వస్తుందని ఆశపడతారు. వ్యాపార సంస్థలు దీని జోలికి వెళ్లకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

కారణం ఇది. ఎక్కడో ఒక పెద్దాయన పార్ట్‌టైం ఉద్యోగం మోసంలోనో డిజిటల్ అరెస్టు మోసంలోనో డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. ఫిర్యాదు సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఎక్కుతుంది. డబ్బు మొదట వెళ్లిన ఖాతా, అక్కడి నుంచి రెండోది, మూడోది అంటూ బ్యాంకులు వరసగా ఆపుతూ పోతాయి. మోసగాడు ఆ డబ్బుతోనే పీ2పీలో మీ యూఎస్‌డీటీ కొని ఉంటే మీ ఖాతా ఆ వరసలో మూడో మెట్టో నాలుగో మెట్టో అవుతుంది. మీరు చేసిన తప్పేమీ లేదు. అయినా సిరిపురంలోని మీ ఖాతాను ఏ గుజరాత్ పోలీసుల ఫిర్యాదు మీదో ఆపేస్తారు. అందులోనే జీతాలుంటే ఆ నెల ఆఫీసంతా ఆగిపోతుంది. విడి ఖాతా తెరవమన్నది ఇందుకే. ఎక్స్ఛేంజ్‌కే అమ్మి విత్‌డ్రా చేసినప్పుడు డబ్బు పంపేది నమోదైన సంస్థ కాబట్టి ఈ ముప్పు బాగా తగ్గుతుంది.

'కాయిన్లు ఇవ్వండి, నోట్లు ఇస్తాం' అనేవారి సంగతి చెప్పాల్సిన పనే లేదు. ఒకరి దగ్గర్నుంచి ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే సెక్షన్ 269ఎస్‌టీ కింద అంత మొత్తమే జరిమానా.

ఖాతా ఆగిపోతే ఈ వరసలో కదలండి. బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఫిర్యాదు ఎకనాలెడ్జ్‌మెంట్ నంబరు, పోలీసు స్టేషన్ పేరు, వివాదంలో ఉన్న మొత్తం తీసుకోండి. వివాదంలో ఉన్నది 40,000 అయితే ఆ 40,000 మీద మాత్రమే లీన్ (ఆ మొత్తం వరకే తీయకుండా ఆపడం) పెట్టి మిగతా ఖాతాను వదలమని బ్రాంచికీ నోడల్ అధికారికీ రాయండి. ఎన్నోసార్లు ఈ ఒక్క లేఖతోనే ఖాతా తెరుచుకుంటుంది. దర్యాప్తు అధికారికి ఇన్‌వాయిస్, ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్, లావాదేవీ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు సంఖ్య), బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకే పీడీఎఫ్‌గా ఈమెయిల్ చేయండి. పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 106 కింద ఆపి ఉంటే ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. తెలియజేశారా అని లాయరు ద్వారా అడగండి. కదలిక లేకపోతే సెక్షన్ 503 కింద ఆ మేజిస్ట్రేటు కోర్టులోనే దరఖాస్తు, లేదా హైకోర్టులో రిట్. విడిపిస్తామంటూ ఫోన్ చేసి కమీషన్ అడిగేవారికి పైసా ఇవ్వకండి. అది రెండో మోసం.

పన్ను తేదీలు, ఫైలు

ఎక్స్ఛేంజ్ కోసిన టీడీఎస్ మీ పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో వెంటనే కనిపించదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు కోసినదాని రిటర్నుకు గడువు జులై 31, ఆ తర్వాతే మీ పాన్‌లో పడుతుంది. మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్‌తో సరిపోల్చి, తేడా ఉంటే అప్పుడే రాయండి. రిటర్ను వేసే వారంలో చూసుకుంటే సరిదిద్దే సమయం ఉండదు. లాభం వచ్చిన త్రైమాసికంలోనే అడ్వాన్సు పన్నులో కలపండి: జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. రిటర్నులో క్రిప్టో కోసం ఉన్న షెడ్యూల్ వీడీఏలో ప్రతి అమ్మకాన్నీ కొన్న తేదీ, అమ్మిన తేదీలతో విడిగా నింపాలి. కంపెనీలైతే 2021 ఏప్రిల్ 1 నుంచి బ్యాలెన్స్ షీటు నోట్స్‌లో క్రిప్టో లాభనష్టం, నిల్వ, ఇందుకోసం ఎవరి దగ్గర్నుంచైనా తీసుకున్న డిపాజిట్లు వెల్లడించాలి. మార్చి 31కి నిల్వ సున్నా ఉన్నా ఏడాదిలో లావాదేవీ జరిగి ఉంటే ఈ నోటు రాయాల్సిందే.

ప్రతి అమ్మకానికీ ఒక ఫోల్డర్ పెట్టుకోండి. అందులో ఒప్పందం లేదా వర్క్ ఆర్డర్, ఇన్‌వాయిస్, పంపినవారి వాలెట్ చిరునామా వారిదేనని వారి ఈమెయిల్, లావాదేవీ హ్యాష్ ఉన్న ఎక్స్‌ప్లోరర్ పేజీ ప్రింటు, వచ్చిన నిమిషపు రేటు ఫొటో, ఎక్స్ఛేంజ్ ట్రేడ్ రిపోర్టు, ఫీజు ఇన్‌వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ జమ ఉన్న పేజీ, ఇద్దరు చేసిన ఆమోదం రికార్డు ఉండాలి. ఎక్స్ఛేంజ్ రిపోర్టులను ప్రతి నెలా డౌన్‌లోడ్ చేసుకోండి. ఎక్స్ఛేంజ్ మూతపడినా, మీ ఖాతా ఆగినా ఆ రిపోర్టులు మళ్లీ దొరకవు. కంపెనీల చట్టం ప్రకారం పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి కాబట్టి ఈ ఫోల్డర్‌కూ అదే గడువు. ఒక కాపీ ఆఫీసు కంప్యూటర్‌లో, ఇంకోటి ఆడిటర్ దగ్గర ఉంచండి.